అమ్మ ఫోన్లో కనపడని ఆ బటన్ గీసింది నేనే

ఈ వారం ఉత్తరం ముప్పై ఒక్క ఏళ్ల యాప్ డిజైనర్ ఒకాయన రాశారు. తన పేరు వేయొద్దన్నారు. కంపెనీ పేరు ఆయన రాయలేదు, నేనూ అడగలేదు. నాలుగు పేజీల ఉత్తరాన్ని నాకు అర్థమైనంతలో కుదించి చెప్తాను.

సొంతూరు తణుకు దగ్గర. హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం. మందులు, ఇంటి సామాన్లు తెచ్చిచ్చే ఒక పెద్ద యాప్‌లో ఐదేళ్లుగా పని. భార్యకు ఏడో నెల, ఆవిడ ఉద్యోగానికి ప్రస్తుతం విరామం. ఫ్లాట్ ఈఎంఐ 52 వేలు. నాన్నగారు పోయి మూడేళ్లయింది, అమ్మ ఊళ్లో ఒక్కరే ఉంటారు. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఇంటికే వస్తాయి కదా అని ఆ యాప్‌ని అమ్మ ఫోన్లో వేసిచ్చింది కూడా ఈయనే.

మొన్న సంక్రాంతికి వెళ్తే ఆవిడ బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి ముందు పెట్టారట. ఎర్ర పెన్నుతో పదకొండు చోట్ల గీతలు. "ఈ నూట నలభై తొమ్మిది నెలనెలా ఎక్కడికి పోతోందిరా? గ్యాస్ వాడేమో అనుకున్నాను, వాణ్ని అడిగితే కాదన్నాడు." చూస్తే ఈయన కంపెనీ మెంబర్‌షిప్పే. మొదటి నెల ఉచితం అన్నచోట ఆవిడ ఎప్పుడో నొక్కారు, రెండో నెల నుంచి డబ్బు కట్ అవుతూనే ఉంది. మొత్తం 1,639 రూపాయలు.

ఇక్కణ్నుంచి ఆయన మాటల్లోనే: "రద్దు చేద్దామని ఫోన్ తీసుకున్నాను మేడమ్. ఆ పేజీ నేను గీసిందే. ఆఫీసులో మేం మామూలు సైజు అక్షరాలతో చూసుకుంటాం. అమ్మకి సరిగ్గా కనపడదని ఆ ఫోన్లో అక్షరాలు అన్నిటికంటే పెద్ద సైజులో పెట్టింది కూడా నేనే. దాంతో 'కొనసాగించు' అనే ఆకుపచ్చ బటన్ తెర నిండా వచ్చింది. బూడిద రంగులో సన్నగా ఉండాల్సిన 'రద్దు' అనే మాట తెర దాటి కిందికి పోయింది. కిందికి జరిపితే గానీ కనపడదు. అమ్మ జరపలేదు. ఒకసారి మనవరాలి వరసయ్యే పిల్ల జరిపి చూపిస్తే తర్వాతి పేజీ వచ్చిందట. అందులో వద్దు అనుకునేవాళ్లు నొక్కాల్సిన చోట 'పర్లేదు, నా దగ్గర డబ్బులు ఎక్కువే ఉన్నాయి' అని ఉంటుంది. ఆ వాక్యం నాదే. ఆ రోజు మీటింగ్‌లో అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. అమ్మ దాన్ని చదివి, 'నా దగ్గర డబ్బులెక్కువున్నాయని నేనే నొక్కుకుంటానా, దిష్టి కాకపోతే' అని వెనక్కి వచ్చేసిందట."

అంతటితో అయిపోలేదు. పండగ నుంచి తిరిగొచ్చాక ఆఫీసులో కొత్త పని అప్పజెప్పారు. డేటా రక్షణ చట్టం అమల్లోకి వస్తోంది కాబట్టి జనం దగ్గర సమ్మతి తీసుకునే తెర తయారు చేయాలి. వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది 'ఒప్పుకుంటున్నాను' నొక్కేలా ఉండాలని మేనేజర్ లెక్క పెట్టారు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూడటానికి అనుమతి కూడా అదే బటన్‌లో కలిపేయాలి. తెలుగులో చదువుకునే వీలు సెట్టింగుల లోపల ఎక్కడో పెడితే చాలట. ఈయన గొణిగితే మేనేజర్ నవ్వి, "ఈ గవర్నమెంటు రూల్స్ ఎవడు చూస్తాడు బాస్" అన్నారట.

ఆయన ప్రశ్నలు నాలుగు. అమ్మకి నిజం చెప్పాలా? ఉద్యోగం మానేయాలా? పేరు లేకుండా కంపెనీ మీద ఫిర్యాదు పెట్టాలా? మేనేజర్ అన్నది నిజమేనా, చట్టాలతో అసలేమైనా అవుతుందా?

*

మీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, ఆ దిష్టి మాట దగ్గర. తర్వాత నవ్వు పోయింది. మీ వాక్యం రాసినప్పుడు మీ బుర్రలో ఉన్నది పాతికేళ్ల కుర్రాడు, జోక్ అర్థం చేసుకుని 'పర్లేదు' నొక్కేసి పోతాడు. మీ అమ్మగారికి అది జోక్ కాదు, సంతకం. మా తరం వాళ్లకి తెర మీద కనపడే ప్రతి మాటా ఆఫీసు కాగితం మీద మాటలాంటిదే. నేనూ ఒకసారి టికెట్లు కొంటుంటే ఎవరికో విరాళమని రెండు రూపాయలు దానంతటదే కలిసిపోయింది. తీసేయడానికి చెయ్యి రాలేదు, తీసేస్తే చెడ్డదాన్నవుతానేమోనని! కాబట్టి అమ్మగారు తెలివితక్కువగా ఏమీ చేయలేదు. అది ముందు మీరు ఒప్పుకోండి.

అన్నిటికంటే తేలికైంది డబ్బు సంగతి, అది ముందు తేల్చేద్దాం. ఆవిడ డబ్బు పంపే యూపీఐ యాప్‌లో ఆటోపే అనో మాండేట్లు అనో ఒక చోటు ఉంటుంది. అక్కడ మీ కంపెనీకి ఇచ్చిన అనుమతి కనపడుతుంది. రద్దు నొక్కి పిన్ కొడితే వచ్చే నెల నుంచి కట్ కాదు. దీనికి మీ కంపెనీని బతిమాలక్కర్లేదు, ఇలా ఆపుకునే వీలు ఖాతాదారు చేతిలో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమే. డబ్బు కట్ అయ్యే ముందు రోజు మెసేజ్ కూడా రావాలన్నారు. ఆవిడకి వచ్చే ఉంటుంది, ఇంగ్లీషులో, రోజుకి ముప్పై మెసేజ్‌ల మధ్య. దాన్ని ఆవిడ చదివి ఉండాల్సింది అని మాత్రం అనకండి. ఇంకో మాట, మాండేట్ ఆపితే డబ్బు ఆగుతుంది గానీ మెంబర్‌షిప్ అలాగే ఉంటుంది, కాబట్టి యాప్‌లోపల కూడా రద్దు చేసి ఆ తెర ఫోటో తీసి ఉంచుకోండి.

పోయిన 1,639 వెనక్కి అడగొచ్చు. ఆన్‌లైన్ అమ్మకాలు చేసే ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే అధికారి పేరు పెట్టాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇవి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు. ఆ అధికారి తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అదీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. కమిషన్ దాకా పోవాలంటే తిరుగుడు ఉంటుంది, అది దాచను. కానీ చాలా కంపెనీలు 1915 నుంచి కబురు రాగానే చిన్న మొత్తాలు వెనక్కి ఇచ్చేసి ఊరుకుంటాయి. ఫిర్యాదు అమ్మగారి పేరుతో, అమ్మగారి పాస్‌బుక్‌తో, అమ్మగారి ఫోన్ తెర ఫోటోలతో వెళ్లాలి. మీరు ఆఫీసు నుంచి ఒక్క ముక్క కూడా అందులో కలపకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు మేనేజర్ గారి నవ్వు దగ్గరికొద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, అందుకే అది మిమ్మల్ని అంతగా గుచ్చుకుంది.

మీరు గీసిన తెరలకి ప్రభుత్వం పేర్లు పెట్టి రెండేళ్లు దాటింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే జనాన్ని తప్పుదారి పట్టించేలా గీసిన తెరల మీద మార్గదర్శకాలు తెచ్చింది, పదమూడు రకాలు రాసి. చేరడం సులువు, బయటపడటం కష్టం అయితే అది సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. వద్దనేవాణ్ని సిగ్గుపడేలా చేస్తే కన్ఫర్మ్ షేమింగ్. ఒక బటన్ వెలిగిపోతూ ఇంకోటి కనపడకుండా ఉంటే ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫియరెన్స్. మీ అమ్మగారి ఒక్క ఫోన్లో ఈ మూడూ ఉన్నాయి! 2025 జూన్‌లో అదే సంస్థ ఆన్‌లైన్ కంపెనీలన్నిటినీ మూడు నెలల్లో మీ యాప్‌లు మీరే తనిఖీ చేసుకోండని కోరింది. మీ ఆఫీసులో ఆ తనిఖీ జరిగిందా? మీరు ఉత్తరంలో రాయలేదు. జరిగి ఉంటే ఆ పేజీలు మీ చేతుల మీదుగానే వెళ్లి ఉండాలి కదా.

అయితే ఆ మార్గదర్శకాలకి సొంతంగా జరిమానా పట్టిక లేదు, వినియోగదారుల చట్టం కిందే ఏదైనా చేయాలి. మీ మేనేజర్ ధైర్యం అక్కడిది.

డేటా చట్టం సంగతి వేరు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ మాట చట్టం కావడానికి ఆరేళ్లు పట్టింది, 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు రావడానికి ఇంకో రెండేళ్లు, 2025 నవంబరు. అందులో కంపెనీల మీద ఉన్న ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే మధ్యకి. మన చట్టాల నడక అలాగే ఉంటుంది, ఎడ్లబండి కూడా కొంచెం వేగమే. కానీ మీకు ఇప్పుడొచ్చిన పని ఆ గడువు కోసమే కదా, కాబట్టి అందులో ఏముందో మీ మేనేజర్ కంటే మీరు బాగా తెలుసుకోవాలి.

ఆరో సెక్షన్ తెరిచి చూడండి, చిన్నదే. సమ్మతి ఎవరూ బలవంతపెట్టకుండా, దేనికోసమో తెలిసి, స్పష్టంగా ఇవ్వాలి. ఏ పనికి అడిగారో ఆ పనికి అవసరమైన సమాచారం వరకే అది చెల్లుతుంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. ఇంగ్లీషులోనైనా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి, అందులో తెలుగు ఉంది. వీటన్నిటికంటే మీకు పనికొచ్చేది ఆ సెక్షన్ కింద చట్టం రాసినవాళ్లే ఇచ్చిన ఉదాహరణ. ఒకావిడ ఫోన్లో వైద్యం చెప్పే యాప్ వేసుకుంది. ఆ యాప్ వైద్యానికి సమ్మతి అడిగింది, పనిలో పనిగా ఫోన్లో నంబర్లు చూస్తానంది. ఆవిడ రెండింటికీ సరే అంది. చట్టం ఏమంటుందంటే, వైద్యానికి నంబర్లు అవసరం లేదు కాబట్టి ఆవిడ సరే అన్నా అది వైద్యం వరకే చెల్లుతుంది. మందులు అమ్మే మీ యాప్, నంబర్లు అడిగే మీ బటన్. ఢిల్లీలో కూర్చుని మీ కోసమే రాసినట్టు లేదూ?

జరిమానాల సంగతి కూడా తెలియాలి. డేటా భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా, ఇలాంటి మిగతా తప్పులకి 50 కోట్ల దాకా. అది కంపెనీ మీద పడుతుంది, తెర గీసిన ఉద్యోగి మీద కాదు, రాత్రిళ్లు ఆ భయం ఉంటే తీసేయండి. ఈ చట్టాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. జరిమానా డబ్బు ప్రభుత్వ ఖజానాకి పోతుంది, మీ అమ్మగారి లాంటివాళ్లకి అందులోంచి పైసా రాదు. ప్రభుత్వం తనకి మాత్రం మినహాయింపుల తలుపు బార్లా తీసి పెట్టుకుంది. సమాచార హక్కు చట్టాన్ని కూడా ఈ వంకతో బిగించారు, దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు, అది వేరే రోజు.

చట్టంతో అసలేమైనా అవుతుందా అన్నారు. రెండు జరిగిన సంగతులు చెప్తాను, రెండూ మీలాంటి బటన్ల గురించే. 2022 జనవరిలో ఫ్రాన్సు డేటా సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. నేరం ఏమిటయ్యా అంటే కుకీలకి, అంటే మనం నెట్‌లో ఏం చూస్తున్నామో గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లకి, సరే అనడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి చాలా నొక్కులు. కొన్ని నెలలకే గూగుల్ యూరప్‌లో 'అన్నీ వద్దు' అనే బటన్‌ని 'అన్నీ సరే' పక్కనే పెట్టింది. ఆ బటన్ ముందు రోజు గీయలేనంత కష్టమైంది కాదు కదా, ఎవరో గీయమనాలి అంతే.

రెండోది అమెజాన్ ప్రైమ్. రద్దు చేసుకునే దారికి కంపెనీ లోపల 'ఇలియడ్' అని పేరు పెట్టుకున్నారు, పదేళ్ల యుద్ధం గురించిన గ్రీకు కావ్యం పేరు. మన దగ్గరైతే చేటభారతం అని పెట్టేవాళ్లు. నాలుగు పేజీలు, ఆరు నొక్కులు, పదిహేను ఎంపికలు అని అమెరికా వాణిజ్య కమిషన్ కోర్టులో లెక్క చెప్పింది. 2023 జూన్‌లో కేసు వేస్తే 2025 సెప్టెంబరులో విచారణ మొదలయ్యాక కంపెనీ రాజీకొచ్చింది. 250 కోట్ల డాలర్లు, అందులో 150 కోట్లు వినియోగదారులకి వెనక్కి. 'వద్దు, నాకు ఉచిత డెలివరీ అక్కర్లేదు' లాంటి బటన్ ఇక పెట్టకూడదని కూడా అందులో తేలింది. మీ 'డబ్బులు ఎక్కువే ఉన్నాయి'కి అది అక్క వరస. ఆ కేసులో ముగ్గురు పెద్ద అధికారుల పేర్లు కూడా చేర్చారు. నేను మీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇంకోటి. జనం తెలియకుండా చేరిపోతున్నారని లోపల ఉద్యోగులే రాసుకున్న కాగితాలు ఆ కేసులో ప్రభుత్వానికి ఆయుధాలయ్యాయి. ఆ రోజు రాసినవాళ్ల మాట ఎవరూ వినలేదు, తెర మారలేదు. కానీ రాసిన మాట అక్కడే ఉండిపోయింది.

అందుకే మీ ముందున్న దారుల్లో మొదటిది ఇది: ఉద్యోగంలో ఉండి, నోటితో గొణగడం మానేసి, కాగితం మీద పెట్టడం. నీతులు రాయొద్దు, అమ్మ కథ రాయొద్దు. ఇంత చాలు: "ఈ తెరలో ఒప్పుకోవడానికి ఒక నొక్కు, వెనక్కి తీసుకోవడానికి ఏడు నొక్కులు పడుతున్నాయి. ఆరో సెక్షన్ ప్రకారం రెండూ ఒకే తేలికలో ఉండాలి. నంబర్ల అనుమతి మందుల డెలివరీకి ఎందుకు అవసరమో కూడా స్పష్టత కావాలి. లీగల్ టీమ్ ఒకసారి చూసి చెప్పగలరా?" నొక్కులు మాత్రం మీరు లెక్కపెట్టి సరైన సంఖ్య వేయండి. దీంతోపాటు రెండో తెర కూడా గీసి జత చేయండి, రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు, నంబర్ల అనుమతి విడిగా, ముందే టిక్ పెట్టకుండా, భాష ఎంచుకునే చోటు అన్నిటికంటే పైన. విమర్శ ఒక్కటే పంపితే 'వీడికి ప్రతిదీ ప్రాబ్లమే' అంటారు, చేతిలో తయారైన పని పెడితే అలా కొట్టిపారేయడం కష్టం.

దీని వల్ల ఏమవుతుంది? లీగల్ టీమ్ భయపడి మీ తెరే తీసుకోవచ్చు, నేను విన్నంతలో ఇది మనం అనుకున్నదానికంటే ఎక్కువే జరుగుతుంది, ఎందుకంటే ప్రశ్న కాగితం మీదకొచ్చాక 'పర్లేదు కానీ' అని సంతకం పెట్టడానికి ఏ లాయర్‌కీ చెయ్యి రాదు. లేదా మేనేజర్‌కి మండొచ్చు. ప్రతిదానికీ లీగల్‌ని లాగుతావేంటి అంటారు. ఈసారి అప్రైజల్లో ఆ మంట కనపడొచ్చు. లేదా పని మీ దగ్గర్నుంచి తీసేసి పక్క సీటువాడికి ఇస్తారు, వాడు తొంభై శాతం తెచ్చి చూపిస్తాడు. అప్పుడు మీరు ఓడిపోయినట్టు అనిపిస్తుంది, అది నిజంగా బాధే, కానీ చెడ్డ తెర మీద మీ చెయ్యి లేదు, మెయిల్ మాత్రం ఉంది. ఈఎంఐ ఆగదు. మూడు దారుల్లో మీకు తక్కువ ఖర్చయ్యేది ఇదే.

రెండోది, మానేయడం. మీ ఉత్తరంలో ఈ ముక్క చుట్టూ చాలా ఆవేశం ఉంది. 'రేపే పేపరు పెట్టేస్తాను' అన్నారు. బాబూ, మీ ఆవిడకి ఏడో నెల. ప్రసవం ఖర్చు కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్‌లో ఉందా? చాలా కంపెనీల్లో అది ఆఖరి రోజుతో ఆగిపోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ప్రసవానికి వెంటనే వర్తించదు, నెలల తరబడి ఆగాలి. ఇది ముందు హెచ్ఆర్‌లో కాదు, మీ దగ్గరున్న పాలసీ కాగితంలో చూడండి. మానేయడం తప్పని నేననను. ఐదేళ్లు ఇలాంటి బటన్లు గీశాక ఒక మనిషికి విసుగు రావడం ఆరోగ్యమే. కానీ వేరే చోట పని ఖాయం చేసుకుని, బిడ్డ పుట్టాక మూడో నెలలో మానితే తగ్గేది ఏముంది? ఇంకో సంగతి, మీరు వెళ్లబోయే చోట కూడా నూటికి తొంభై కావాలనే మేనేజర్ ఉండడని ఎవరు హామీ ఇస్తారు? ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని అడిగినట్టే మీరూ అడగండి, మీ యాప్‌లో మెంబర్‌షిప్ ఎన్ని నొక్కుల్లో రద్దవుతుందని. వాళ్లు తడుముకుంటే మీకు జవాబు దొరికినట్టే.

మూడోది, పేరు లేకుండా ఫిర్యాదు, లేదా ఆఫీసు కాగితాలు బయటపెట్టడం. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్తాను. ఫేస్‌బుక్ కాగితాలు బయటపెట్టిన ఫ్రాన్సెస్ హాగెన్ పేరు మీరు రాశారు. 2021లో ఆవిడ అమెరికా సెనేట్ ముందు మాట్లాడారు, నిజమే. ఆవిడ వెనక లాయర్లున్నారు, అక్కడ షేర్ మార్కెట్ చట్టంలో అలా చెప్పేవాళ్లకి రక్షణ ఉంది. మన దగ్గర 2014లో పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్ల (లోపలి తప్పు బయటపెట్టేవాళ్ల) చట్టం ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించి, మీ లాంటివాళ్ల గురించి కాదు. మీ కంపెనీ షేర్ మార్కెట్లో ఉన్నదైతే లోపలే ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు చట్టప్రకారం ఉండాలి, అది వాడుకోవచ్చు. అది కాక మీటింగ్ స్లైడ్లు ఫోటోలు తీసి బయటికి పంపారనుకోండి, మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన రహస్య ఒప్పందం మీ మీదే తిరగబడుతుంది, అసలు తప్పు పక్కకిపోయి 'కాగితాలు దొంగిలించాడు' అన్నదే మిగులుతుంది. పంపాలనే అనిపిస్తే ముందు లాయర్‌కి చూపించండి, పంపాక కాదు.

అమ్మగారి ఫిర్యాదులో ఆఫీసు ముక్క కలపొద్దన్నది ఇందుకే. ఆవిడ ఫోన్లో కనపడే తెర అందరికీ కనపడేదే. పాస్‌బుక్ ఆవిడది. అక్కడ తప్పు చూపించడానికి మీ లోపలి సమాచారం ఒక్కటీ అవసరం లేదు, అలా కనపడటమే కదా తప్పు! అయినా మీ అమ్మగారు మీ కంపెనీ మీద ఫిర్యాదు పెట్టారన్నది రేపు బయటపడితే ఇబ్బంది పడతారేమో ఆలోచించుకోండి. ఇబ్బందనిపిస్తే 1,639 మీ జేబులోంచి ఆవిడకిచ్చి వదిలేయొచ్చు. కానీ అలా చేస్తే ఆ తెర వెనక ఒక ఫిర్యాదు తగ్గిందన్నమాట, ఇలాంటి ఫిర్యాదుల లెక్క చూసే కదా ఆ సంస్థలు ఎవరి మీదికెళ్లాలో తేల్చుకునేది. ఎటు మొగ్గాలో నేను చెప్పను. నా మనసు మాత్రం ఫిర్యాదు వైపే ఉంది.

ఇక మిగిలింది అమ్మకి చెప్పడం. 'చెప్తే నా మీద గౌరవం పోతుంది' అని రాశారు. ఆవిడ అప్పటికే గ్యాస్ అబ్బాయిని అనుమానించారు, గుర్తుందా? ఊళ్లో ఒక్కరే ఉండే ఆవిడకి నెలనెలా ఇంటికొచ్చే మనిషి మీద పదకొండు నెలల నుంచి అనుమానం. అది కూడా మీ బటన్ ఖర్చే. ఆ అబ్బాయి కోసమైనా నిజం చెప్పండి. 'అంతా నా వల్లే అమ్మా' అని కాళ్ల మీద పడక్కర్లేదు. ఆ నిర్ణయాలు మీటింగుల్లో జరిగాయి, లెక్కలు పెట్టినవాళ్లు వేరు. 'నేనేం చేయను, చెప్పింది చేశాను' అని తప్పుకోనూ వద్దు, ఆ దిష్టి వాక్యం మీదే కదా. రెండు మాటల్లో, అది మా ఆఫీసుదే, అందులో నేను రాసిన ముక్క కూడా ఉంది అని చెప్పండి. ఆవిడ ఒక పూట అలుగుతారు. తర్వాత నాలుగిళ్లకీ చెప్పి, వాళ్ల పాస్‌బుక్‌లు కూడా తెప్పిస్తారు, దానికి సిద్ధంగా ఉండండి.

ఈ శనివారం వెళ్తానన్నారు కదా. వెళ్లినప్పుడు మీరు గీసిన కొత్త తెర ఫోన్లో వేసుకెళ్లండి, ఆవిడ ఫోన్లో మీరు పెట్టిన ఆ పెద్ద అక్షరాలతోనే. ఆవిడ 'ఏది నొక్కాలిరా' అంటారు. ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి. పక్కన కూర్చుని, ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండోసారి చదివారో రాసుకుని, సోమవారం మెయిల్‌కి అది జత చేయండి.